ఖాళీ బండి కొలతలు

ఆ పికప్‌ను నేను మొదటిసారి కొలిచినప్పుడు దానిలో ఏమీ లేదు. డ్రైవర్ కూడా లేడు. వర్క్‌షాపు నీడలో, చదునైన సిమెంటు గచ్చు మీద బండిని నిలబెట్టించి, కొత్త టేపు తీసుకొని కొలిచాను. ఇరుసు కింద నేలకు ఎంత దూరం ఉందో, చాసిస్ అడ్డపట్టీ కింద ఎంత ఉందో, టైరు పైఅంచుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో, ఒక్కొక్కటీ రెండేసిసార్లు చూసి, రెండూ సరిపోలిన తరువాతే కాగితం మీద ఎక్కించాను. అంత జాగ్రత్తగా చేసిన పనిలో అంత పెద్ద తప్పు దాగి ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

తొంభైల మధ్యలో నేను ఖతార్‌లో ఒక నిర్మాణ కంపెనీ వాహనాల విభాగంలో జూనియర్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక పాత ఇంటి మేడ మీద, నాలాంటి మరో ముగ్గురు పట్టభద్రులతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మా నాన్న గోదావరి జిల్లాలో ఒక రైసుమిల్లులో బస్తాలు మోసేవారు. అందువల్ల కాబోలు, నేను సంతకం పెట్టే ప్రతి కాగితం నాకొక పరీక్షలా తోచేది. అందులో ఒక్క అంకె తప్పినా ఎవరో వచ్చి నా డిగ్రీని వెనక్కి తీసుకుపోతారన్నంత భయంతో రాసేవాణ్ణి.

మా కంపెనీ అప్పట్లో దుఖాన్ వైపు ఎడారిలో ఒక కొత్త రోడ్డుకు సర్వే చేస్తోంది. సర్వే ముఠా అక్కడే డేరాలలో ఉండేది. వాళ్ళకు ప్రతి ఉదయం ముఐథర్ దగ్గరి మా యార్డు నుంచి ఒక పికప్ వెళ్ళేది. రెండు డ్రమ్ముల మంచినీళ్ళు, వంట సరుకులు, ఇనుప గుంజలు, కొన్ని సిమెంటు బస్తాలు, దించడానికి ఇద్దరు కూలీలు, ఇదీ దాని బరువు. కాగితం మీద ఉన్న బరువు, అనాలి.

ఆ పికప్‌ను నడిపే ఆయనది జగిత్యాల వైపు ఒక పల్లె. నలభై దాటిన మనిషి. పదకొండేళ్ళు కందకాలలో పార పట్టి, కుడి మోకాలు చెడగొట్టుకొని, నాలుగోసారికి డ్రైవింగ్ పరీక్ష నెగ్గి ఆ సీట్లోకి వచ్చారు. కూలీలంతా ఆయనను అన్న అని పిలిచేవారు. ఒకే నెలలో ఆయన బండి రెండుసార్లు ఇసుకలో కూరుకుపోయింది. రెండోసారి సర్వే ముఠాకు మధ్యాహ్నం దాకా నీళ్ళు అందలేదు. మా ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ జోర్డాన్ దేశస్థుడు, మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆయన డ్రైవర్‌ను పిలిచి ఒకే మాట చెప్పారు: మూడోసారి జరిగితే తాళంచెవి ఇచ్చేసి మళ్ళీ పార పట్టాలి. ఆ మోకాలుతో పార అంటే ఏమిటో యార్డులో అందరికీ తెలుసు.

తరువాత నన్ను పిలిచారు. "ఆ బండి ఎత్తు పెంచాలి. బాడీ లిఫ్టా, సస్పెన్షన్ లిఫ్టా? గురువారం మధ్యాహ్నానికి ఒక పేజీ రాసివ్వు. యల్లా, త్వరగా."

ఈ రెండింటికీ తేడా చెబితే గానీ నా తప్పు అర్థం కాదు. పికప్‌కు కింద చాసిస్ అనే ఇనుప చట్రం ఉంటుంది. దాని మీద క్యాబిన్, వెనక తొట్టి బోల్టులతో బిగించి ఉంటాయి. ఈ రెండింటినీ కలిపి బాడీ అంటారు. చాసిస్ కింద, బరువుకు కుంగి లేచే విల్లులాంటి కమాన్ పట్టీలు, వాటి కింద ఇరుసులు, చక్రాలు. బాడీ లిఫ్ట్ అంటే చాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే ఎత్తడం. పీట మీద మరో పీట వేసుకొని కూర్చున్నట్టు. కూర్చున్న మనిషి ఎత్తవుతాడు గానీ, నేలకూ మొదటి పీటకూ మధ్య సందు మాత్రం పెరగదు. అయితే చక్రాల చుట్టూ చోటు పెరుగుతుంది కాబట్టి, కొంచెం పెద్ద టైర్లు వేసుకోవచ్చు, వాటివల్ల కొంత ఎత్తు వస్తుంది. సస్పెన్షన్ లిఫ్ట్ అంటే ఆ మొదటి పీటకే పొడవాటి కాళ్ళు వేయడం. కమాన్ పట్టీలనే మార్చి, చాసిస్‌తో సహా మొత్తం బండిని ఎత్తుతారు. ఇది ఎక్కువ పని. షాక్ అబ్జార్బర్లు మార్చాలి, బ్రేకు గొట్టాలు పొడిగించాలి, ఇరుసుకు తిరుగుడు అందించే షాఫ్టు వాలు సరిచూడాలి. పైగా, బరువంతా పైకి పోయి బండి పక్కకు ఒరిగే ప్రమాదం కొంత పెరుగుతుంది.

నా కొలతల ప్రకారం బాడీ లిఫ్ట్ చాలు. రెండంగుళాల దిమ్మలు, వాటికి తగిన టైర్లు. పని తేలిక, ప్రమాదం తక్కువ. అయినా నడిపే మనిషి అభిప్రాయం కూడా అడగడం ధర్మమని భావించి, బుధవారం సాయంత్రం డ్రైవర్‌ను పిలిపించాను. ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. కూర్చోమన్నాను. కూర్చోలేదు. నేను కాగితాలు సర్దుకొని, కలం తెరిచి, ఒక్కొక్క ప్రశ్నే అడిగాను.

"దారిలో బండి కింద ఎక్కడైనా తగులుతోందా అండీ?"

"ఎక్కడ లేదు సార్. బాగుంది."

"బరువు ఎక్కువవుతోందా?"

"ఏం లేదు సార్. బాగుంది."

"రెండుసార్లు ఎందుకు దిగబడింది?"

"ఇసుక గద సార్. దిగబడ్తది."

"ఈ రెండు పద్ధతుల్లో మీకు ఏది అనుకూలమో చెప్పండి. నడిపేది మీరు కదా."

ఆయన ఒకసారి నా కలం వైపు చూశారు. "మీరు సదువుకున్నోళ్ళు. నాకేమెర్క సార్? మీ ఇష్టం."

నేను నా నివేదిక చివర, 'డ్రైవర్‌ను సంప్రదించడమైనది. అతనికి ఇబ్బందులేవీ లేవు. ప్రతిపాదనకు అభ్యంతరమూ లేదు' అని రాసి, గురువారం పన్నెండు గంటలకు ఇచ్చాను. మేనేజర్ అప్పుడే సంతకం పెట్టారు. శుక్రవారం సెలవు. శనివారం దిమ్మల పని మొదలు కావాలి.

ఆ పని చేయవలసిన మెకానిక్ పెషావర్ మనిషి. అందరూ ఉస్తాద్ అనేవారు. బడి ముఖం చూడలేదని ఆయనే చెప్పుకొనేవాడు. శనివారం ఉదయం నా నివేదిక ఆయన చేతికిస్తే, దాన్ని గౌరవంగా అందుకొని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకొని అడిగాడు:

"ఇంజనీర్ సాబ్, గాడీ కో నీచే సే దేఖా?"

బండిని కింద నుంచి చూశావా అని. కొలిచానన్నాను.

"నాపా, యే నహీ పూఛా. దేఖా?"

కొలిచావా అని అడగలేదు, చూశావా అని అడిగానన్నాడు. ఆయన ఒక అట్టముక్క నేల మీద పరిచి, మర్యాదగా చెయ్యి చాపాడు. ఇస్త్రీ చొక్కాతో బండి కింద పడుకోవడం నా ఉద్యోగంలో అదే మొదలు.

చాసిస్ అడ్డపట్టీ మీద గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. వాటి పక్కన తెల్లగా ఏదో పొక్కు కట్టి ఉంది. ఉస్తాద్ గోటితో గీకి నాలుకకు తాకించి చూపించాడు. ఉప్పు. మా పికప్ వెళ్ళవలసిన దారంతా రాయీ ఇసుకా తప్ప ఉప్పు ఉండదు. ఉప్పు ఉండేది సబ్ఖాలో. సబ్ఖా అంటే పైకి గట్టిగా, చదునుగా కనిపిస్తూ, లోపల తడి బురద దాచుకున్న నేల. తరువాత ఆయన చాసిస్ కింద ఒక రబ్బరు ముక్కను చూపించాడు. బండి మరీ కుంగినప్పుడు ఇరుసు వచ్చి చాసిస్‌కు గుద్దుకోకుండా అడ్డం ఉండే రబ్బరు అది. సగానికి పైగా అరిగి, నలిగి, చెప్పు మడమలా అయిపోయింది. ఖాళీ బండి దీన్ని ఇంతగా తినదు, ఈ బండి మోసేది కాగితంలో ఉన్న బరువు కాదు, అన్నాడు ఉస్తాద్.

నేను లేచి చొక్కా దులుపుకున్నాను. మేనేజర్ సంతకం పెట్టేశారు, ఏం చేద్దామని అడిగాను. ఆయన ఖాళీగా ఉన్న వర్క్‌షాపును ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి కలియజూసి, "మంగళవారం దాకా నాకు చాలా పని ఉంది సాబ్" అన్నాడు.

మరునాడు తెల్లవారగానే నేను ముఐథర్ యార్డుకు వెళ్ళాను. డ్రైవర్ నీళ్ళ ట్యాంకు దగ్గర పికప్ ఆపి, గొట్టంతో డ్రమ్ములు నింపుతున్నారు. ఇద్దరు కూలీలు అప్పటికే తొట్టిలో సిమెంటు బస్తాల మీద కూర్చున్నారు. నన్ను చూసి లేవబోయారు. ఇవాళ మీతో వస్తానని చెప్పాను. డ్రైవర్ ముఖంలో రంగు మారింది. రెండో డ్రమ్ము నిండింది. ఆయన గొట్టం పట్టుకొని కొంతసేపు అలాగే నిలబడ్డారు. నీళ్ళు నేల మీద పోతున్నాయి. తరువాత, తొట్టి మూలన గోనెసంచి కప్పి ఉన్న మూడో డ్రమ్ము మీద సంచి తీసి, గొట్టం అందులో పెట్టారు.

"ఆ మూడోది ఎవరికి?" అని అడిగాను.

ఆయన నా వైపు చూడలేదు. "రాసుకునేదుంటే రాసుకోండి సార్. గని, నీళ్ళయితే దించే పోత."

తొట్టిలో ఉన్న కూలీలలో వయసులో చిన్నవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. "అన్నా, సార్‌తోని గట్ల మాట్లాడ్తవా? రేపటి సంది నా పక్కన పార నీకే."

"పార పడితే నీ కన్న మంచిగనే పడ్తరా. నువ్వు ముయ్యి," అన్నారు డ్రైవర్.

నేను క్యాబిన్‌లో ఎక్కి కూర్చున్నాను. వెనక కూలీ గొంతు మళ్ళీ వినిపించింది: "సార్ ముందల కూసుంటే ఎనుక బరువు తక్కువైందే. రోజు వస్తె బాగుండు."

రోడ్డు దిగి ఇసుక దారి పట్టాక అరగంటకు ఒకచోట దారి రెండుగా చీలింది. ఎడమది రాళ్ళ దిబ్బను చుట్టుకొని పోతుంది. కుడిది తిన్నగా, తెల్లగా మెరుస్తున్న మైదానం మీదుగా పోతుంది. డ్రైవర్ బండి ఆపారు.

"ఇయ్యాల సుట్టు తిరిగి పోదామా సార్? మీరున్నరు గద."

"మీరు రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్ళండి," అన్నాను.

"మంచిగాలోచించి చెప్పుండ్రి సార్."

"ఆలోచించే చెబుతున్నాను. రోజూ వెళ్ళే దారిలోనే వెళ్ళండి."

ఆయన కుడి దారి పట్టారు. అప్పుడు, స్టీరింగు మీద నుంచి చూపు తిప్పకుండా, మూడో డ్రమ్ము సంగతి చెప్పారు. ఆ మైదానం అవతల ఒక మేకల దొడ్డి ఉంది. అక్కడ ఒక్కడే ఉంటాడు, వాళ్ళ పక్క ఊరివాడు. యజమాని పంపే నీళ్ళ ట్యాంకరు ఒక్కో వారం వస్తుంది, ఒక్కో వారం రాదు. వచ్చిన నీళ్ళు ముందు మేకలకు. మూడు నెలల కింద దారి తప్పి అటు వెళ్ళినప్పుడు, తెలుగులో మేకలను తిడుతున్న గొంతు వినబడి బండి ఆపారట. అప్పటి నుంచి రోజు విడిచి రోజు ఒక డ్రమ్ము దించి, ఖాళీది తెచ్చుకుంటున్నారు.

"చుట్టుదారిలో వెళ్ళి దించవచ్చు కదా?"

"పోవచ్చు. గని గంట లేటైతది. లేటైతే సైటుల అడుగుతరు, ఎక్కడ తిరిగినవని. ఏమని చెప్పాలె?"

నేను లెక్క వేసుకుంటున్నాను. ఒక డ్రమ్ము నీళ్ళంటే రెండు వందల కిలోలు. మూడు డ్రమ్ములు, గుంజలు, సిమెంటు, నలుగురు మనుషులు. నేను కొలిచినప్పుడు ఈ బరువులో ఒక్క కిలో కూడా... ఆ లెక్క పూర్తి కాలేదు. బండి ముందు భాగం మెత్తగా ఒకసారి వంగింది. ఇంజను గొంతు పెంచింది. చక్రాలు తిరుగుతున్నాయి గానీ మేము కదలడం లేదు. డ్రైవర్ వెంటనే కాలు తీసేశారు. అలాగే తిప్పితే ఇంకా లోతుకు పోతుందని ఆయనకు తెలుసు. ఇంజను ఆపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

"మూడు," అన్నారు, తనలో తాను.

వెనక కూలీలు తొట్టిలోంచి దిగి చక్రాల దగ్గరికి వచ్చారు.

నేను దిగి బురదలో పడుకొని బండి కింద చూశాను. ఈసారి టేపు తరువాత తీశాను, ముందు చూశాను. కమాన్ పట్టీలు విల్లులా వంగి ఉండవలసినవి, బద్దల్లా చదునైపోయాయి. ఇరుసు వెళ్ళి ఆ నలిగిన రబ్బరుకు ఆనుకొని ఉంది. చాసిస్ అడ్డపట్టీ బురదలో కూర్చుంది. నేను పెట్టించబోయిన దిమ్మలు ఆ అడ్డపట్టీకి పైన వస్తాయి. అవి ఉన్నా ఇక్కడ నూలుపోగంత తేడా ఉండదు. ఆ మాటే పైకి అన్నాను.

డ్రైవర్ నా పక్కనే వంగి చూస్తున్నారు. "అప్పుడు గూడ గిట్లనే దిగుతుండె సార్. మనం జెర పైన కూసుందుము. గంతే."

నా నివేదిక మొత్తాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పేశారు.

డ్రమ్ములు దించి గట్టినేల దాకా దొర్లించాం. టైర్లలో గాలి సగం తీశాం. చక్రాల కింద చెక్కలు, గోనెసంచులు వేశాం. నేనూ వెనక నుంచి నెట్టాను. నా ఎడమ బూటు ఊడి బురదలోనే ఉండిపోతే, చిన్న కూలీ దాన్ని పీకి తెచ్చి, "సబ్ఖాకు మీ బూటు నచ్చింది సార్, ఇయ్యనంటున్నది," అన్నాడు. అవతలి దిబ్బ మీద నుంచి తలకు గుడ్డ చుట్టుకున్న ఒక మనిషి పరుగులాంటి నడకతో వచ్చాడు. వెనక నాలుగైదు మేకలు.

"నువ్వెందుకొచ్చినవుర ఈ ఎండల?" అని డ్రైవర్ కసిరారు.

"బండి ఆగుడు కనబడ్డది బావా. నా నీళ్ళ కోసమేనాయె." అతను నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "సారా? బండి ఎత్తు చేస్తున్నరట గద. బావ చెప్పిండు."

అతను కూడా భుజం పెట్టాడు. గంట పైన పట్టింది. బండి బయటపడ్డాక, తన డ్రమ్మును తానే దొర్లించుకుంటూ దిబ్బ వైపు వెళ్ళాడు. మేకలు దాని వెంటే వెళ్ళాయి.

సైటులో మిగతా సరుకు దించి, తిరుగు ప్రయాణంలో చుట్టుదారి పట్టాం. చాలాసేపటి తరువాత అడిగాను: "బుధవారం నేను అడిగినప్పుడు ఇదంతా ఎందుకు చెప్పలేదు?"

"కాగితం చేతుల పట్టుకొని అడిగితే ఎవడు చెప్తడు సార్?" అన్నారు ఆయన, కోపం లేకుండానే. "ఈడ పేరు కాగితం మీదికెక్కిందంటే మనిషి విమానమెక్కుడే. ఇంటికాడ మా ఆమె ఊరంత చెప్పుకున్నది, మా ఆయన దుబాయ్‌ల డ్రైవరని. ఖతార్ అంటే ఎవలకు తెల్వది. పార పట్టుకున్నడని మల్ల ఎట్ల చెప్పాలె?"

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు నాకు బుధవారం నాటి ఆ 'బాగుంది సార్' ఎక్కడో విన్నట్టు తోచింది. ఎక్కడో కాదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, మిల్లుకు ఒక అధికారి కాగితాలు పట్టుకొని వచ్చి, బస్తా బరువు ఎక్కువగా ఉంటోందా అని మా నాన్నను అడిగాడు. నేను అన్నం క్యారియర్ తీసుకొని వెళ్ళి అక్కడే నిలబడి ఉన్నాను. మా నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకొని, "బాగానే ఉందండి బాబుగారూ, తమ దయ" అన్నారు. అంతకు ముందు రోజు రాత్రే మా అమ్మ ఆయన వీపుకు కాపడం పెట్టింది. అధికారి ఆ మాట రాసుకొని వెళ్ళిపోయాడు. ఆ అధికారి మీద నాకు ఎన్నేళ్ళు కోపం ఉండేదో చెప్పలేను. కలం చేతికి వచ్చిన తరువాత, నేనూ అదే ప్రశ్నను అదే విధంగా అడిగి, అదే జవాబును అదే విధంగా రాసుకున్నాను. ఆ జవాబు వింటూ పెరిగినవాణ్ణి నేనే గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు?

రెండో నివేదిక రాయడం మొదటిదాని కంటే కష్టమైంది. మూడో డ్రమ్మును 'అత్యవసర నిల్వ' అని రాశాను. చదువుకుంటే బాగానే ఉంది. ఎవరికీ హాని లేదు. కానీ అది నిజం కాదు. ఆ కాగితం చించి మళ్ళీ రాశాను. బండి ఫలానా బరువుతో, ఫలానా చోట, నా ఆదేశం మీద వెళ్ళి దిగబడిందని, డ్రైవర్ ముందే చుట్టుదారి సూచించాడని, మూడో డ్రమ్ము దారిలో వేరే నీళ్ళు లేని ఒక మేకల కాపరికి వెళ్తోందని రాశాను. బాడీ లిఫ్ట్ సిఫారసు పొరపాటని, ఆ బరువుకు తగిన కమాన్ పట్టీలతో సస్పెన్షన్ లిఫ్ట్ అవసరమని, అయినా సబ్ఖాలో ఏ లిఫ్టూ పనిచేయదు గనుక చుట్టుదారినీ దానికి పట్టే గంటనూ అనుమతించాలని రాశాను. ఇది చదివి ఆయన డ్రైవర్‌ను పంపించేస్తే, పంపించింది నా నిజాయితీయే అవుతుంది.

సోమవారం ఉదయం మేనేజర్ దాన్ని రెండుసార్లు చదివారు.

"అంటే ఇది మూడోసారి."

"మూడోసారే. కానీ ఆ దారిన వెళ్ళమన్నది నేను. అతను వద్దన్నాడు. నేను రెండుసార్లు చెప్పాను."

"నిన్ను పార పట్టమంటే పడతావా?"

"పడతానండి," అన్నాను. ఆయన హాస్యానికి అన్నారని తరువాత తెలిసింది. నేను మాత్రం హాస్యానికి అనలేదు.

ఆయన కిటికీ వైపు చూశారు. "మా తాతకు ఒంటెలు ఉండేవి. దారిలో మనిషికి నీళ్ళిచ్చినట్టు ఎవరైనా కాగితం రాశారని తెలిస్తే ఆయన నవ్వేవాడు." కలం తీసి మేకల కాపరి ఉన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. దాని పైన 'నీళ్ళు: మూడు డ్రమ్ములు' అని రాశారు. "ఇది నా పైవాళ్ళు కూడా చదువుతారు. వాళ్ళకు ఇంత చాలు. దారి చుట్టు తిరిగి. సబ్ఖా మాఫీ, ఆ దారి ఇక లేదు. ఇంకొకసారి అందులోకి వెళ్తే నువ్వు చెప్పినా, ఎవరు చెప్పినా వినను. ఖలాస్."

నేను నా మొదటి నివేదికను వెనక్కి అడిగాను. ఆయన ఇవ్వలేదు. "అది నా దగ్గర ఉండనీ. నువ్వు మరీ చక్కగా రాసినప్పుడల్లా తీసి చూపిస్తాను." ఆ తరువాత రెండేళ్ళలో నాలుగైదుసార్లు చూపించారు కూడా.

ఉస్తాద్‌కు హఠాత్తుగా తీరిక దొరికింది. రెండున్నర రోజుల్లో మందమైన కమాన్ పట్టీలు, పొడవాటి షాక్ అబ్జార్బర్లు, కొత్త బ్రేకు గొట్టాలు, కొత్త రబ్బర్లు వేసి బండిని అప్పగించాడు. మరునాడు ఉదయం మూడు డ్రమ్ములూ నింపి, గుంజలూ సిమెంటూ ఎక్కించి, కూలీలిద్దరినీ పైన కూర్చోబెట్టి, ఇసుకలోనే నిలబెట్టి కొలిచాను. నేను ఊహించినంత ఎత్తేమీ పెరగలేదు. కానీ బండి వెనక్కి కుంగకుండా, నిండు బరువుతో సమంగా నిలబడింది. పట్టీలు విల్లుగానే ఉన్నాయి.

"ఎలా ఉందండీ?" అని డ్రైవర్‌ను అడిగాను. కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి.

"బాగుంది సార్."

కలం తెరవబోయి ఆగాను. ఆయన తలుపు తీసి, ఎడమ చేత్తో తలుపునూ కుడి చేత్తో స్టీరింగునూ పట్టుకొని ఎక్కబోయారు. ఎడమ కాలు నేల మీద ఆనించి కుడి కాలు ఎత్తారు. మోకాలు లేవలేదు. కాలు మార్చి ప్రయత్నించారు. అప్పుడు బరువంతా కుడి మోకాలి మీద పడి, ముఖం ముడుచుకుపోయింది. మూడోసారి ఎలాగో సీటులోకి దొర్లారు. ఎక్కి కూర్చున్నాక నా వైపు చూసి నవ్వబోయారు. రోజుకు పదిసార్లు ఎక్కి దిగే మనిషి. బండి కింద ప్రతి అంగుళమూ కొలిచాను. నేల నుంచి ఆయన అడుగు పెట్టవలసిన చోటు దాకా ఉన్న దూరం నా రెండు నివేదికల్లోనూ లేదు.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఉస్తాద్‌ను పిలిచాను.

"ఒకసారి దిగండి," అన్నాను డ్రైవర్‌తో. "మీ మోకాలు నొప్పి లేకుండా ఎక్కడి దాకా లేస్తుందో చూపించండి. అక్కడ మెట్టు వేయిద్దాం."

"మోకాలు గూడ కొలుస్తరా సార్?"

తొట్టిలోంచి చిన్న కూలీ అరిచాడు: "సార్, అన్నకు గూడ సస్పెన్షన్ మార్పియ్యుండ్రి!"

"నీ నోటికి బ్రేకు గొట్టం ఏపియ్యాలెర ముందుగాల," అన్నారు డ్రైవర్. కానీ దిగారు. తలుపు పట్టుకొని, కుడి కాలు మెల్లగా లేపి, ఇంక లేవదన్న చోట బండి పక్కకు ఆనించి పట్టుకున్నారు. అది నేను అనుకున్న దాని కంటే చాలా కిందుగా ఉంది. ఉస్తాద్ వంగి, ఆయన చెప్పు కింద సుద్దముక్కతో ఒక గీత గీశాడు.

ఆ గీత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో నేను కొలవలేదు.